క్వింటాకు 67

కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కి కూర్చుంటే హుజూర్‌నగర్, నేరేడుచర్ల దాటేదాకా కిటికీలోంచి వరి తప్ప మరోటి కనపడదు. ఏప్రిల్ మొదటి వారం, యాసంగి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఒక మడిలో వరి కొయ్యలు, పక్క మడిలో హార్వెస్టరు, గట్టు మీద ట్రాక్టరు ట్రాలీ. కల్లం మాత్రం ఎక్కడా లేదు. కోసిన వడ్లు కోసినట్టే ట్రాలీలోకి, ట్రాలీ నుంచి నేరుగా మిల్లుకు. తెలంగాణలో మిగతా జిల్లాల రైతులు ఐకేపీ కేంద్రం ముందు వడ్లు ఆరబోసి, తేమ 17 శాతానికి దిగేదాకా, మొగులు పట్టినప్పుడల్లా టార్పాలిన్లు కప్పుకుంటూ కాపలా కాస్తారు. సాగర్ ఆయకట్టులో సన్నాలు వేసిన రైతుకు ఆ బాధ లేదు. వేరే బాధ ఉంది, దాని సంగతి మిల్లు గేటు దగ్గర చెబుతాను.

కాలువ రాకముందు ఇవన్నీ జొన్న, సజ్జ, ఆముదం చేలు. నందికొండ దగ్గర 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు గానీ ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు, అందరికీ అది లెఫ్ట్ కెనాలే. మిల్లులు ఆ నీళ్ల వెంట వచ్చాయి. 1958 నాటి రైస్ మిల్లింగ్ చట్టం కింద మిల్లు పెట్టాలంటే సర్కారు లైసెన్సు కావాల్సి వచ్చేది. 1997లో ఆ చట్టం రద్దయింది. డబ్బూ జాగా ఉన్నవాడు మిల్లు పెట్టుకోవచ్చు. పెట్టారు కూడా. మిర్యాలగూడ చుట్టూ ఇప్పుడు ఏ రోడ్డు పట్టుకున్నా మిల్లు గొట్టాలే ఎదురొస్తాయి. ఆసియాలోనే ఇంత పెద్ద మిల్లుల ఊరు లేదని ఇక్కడ గర్వంగా చెప్పుకుంటారు. ఆసియా అంతా తిరిగి లెక్క తీసిందెవరో గానీ, ఊక బూడిద మాత్రం కంట్లో పడి నమ్మమంటుంది.

ఊరి బయట ఒక మిల్లు ముందు ట్రాక్టర్ల వరుస రోడ్డు మీదికి పాకింది. నిడమనూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ట్రాలీ నీడలో కూర్చుని సద్ది విప్పుకుంటున్నాడు. "రాత్రి పదింటికి లైన్ల వెట్టిన సారూ. నా ముంగట ఇంకా నలభై బండ్లున్నయ్" అన్నాడు. తొందరెందుకో అర్థం కావాలంటే వడ్లల్లో చెయ్యి పెట్టి చూడమన్నాడు. మోచేతి దాకా దించాను. పైన గింజ చల్లగానే ఉంది. జానెడు లోతు నుంచి వేడి మొదలైంది, అడుగున చెయ్యి నిలవలేదు. హార్వెస్టరు కోసిన పచ్చి వడ్లల్లో పాతిక శాతం పైనే తేమ ఉంటుంది. గింజ ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది కాబట్టి కుప్పగా పోస్తే ఉడుకుతుంది. ఉడికిన గింజ రంగు మారుతుంది. రంగు మారితే రేటు మారుతుంది. ఆరబెట్టుకోవడానికి కల్లం లేదు, ఇంటికి తిప్పుకుపోతే డీజిలు దండగ. గేటు దగ్గర చెప్పిన రేటుకు తలూపాల్సిందే. బండ్లు ఎక్కువైన సీజన్లలో టోకెన్లు ఇచ్చి రోజుకు ఇన్ని అని కోయించిన సందర్భాలూ ఉన్నాయి. హార్వెస్టరు వచ్చాక కోత రోజుల పని గంటల్లోకి దిగింది, మిల్లు డ్రయ్యరు మాత్రం తన వేగంతోనే నడుస్తుంది. రెండు వేగాలకీ మధ్య ఉన్న ఎడమే ఈ ట్రాక్టర్ల వరుస.

గేటు దగ్గర బేరం చూడాలి. మిల్లు తాలూకు మనిషి ట్రాలీ ఎక్కి మూడు చోట్ల నుంచి గుప్పెడు గుప్పెడు తీశాడు. అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదేశాడు. మిగిలిన బియ్యం గింజల్ని గోటితో అటూ ఇటూ జరిపాడు. పచ్చి గింజెంత, తాలెంత, విరుగుడెంత అన్నది ఆ చూపులోనే తేలిపోయింది. చీటీ మీద అంకె రాసి కిందికి దూకాడు. ఒక్క మాట లేదు. హెచ్ఎంటీకి ఒక రేటు, బీపీటీకి ఒక రేటు, ఈ ప్రాంతం వాళ్లు చింట్లు అని పిలుచుకునే సన్న రకానికి మరో రేటు. పెద్దాయన చీటీ చూసి "నిన్న మా అల్లుని బండికి ఇంతకంటే ఎక్కువే రాసిండ్రు గదా" అని గొణిగాడు. ఎవరూ బదులివ్వలేదు. ఆయన సద్ది మూట కట్టుకుని ట్రాక్టరు స్టార్ట్ చేశాడు.

లోపలికి వెళ్తే మనుషులు తక్కువ, రొద ఎక్కువ. వడ్లు ఎలివేటరు మీద పైకెక్కి, జల్లెడ దాటి, రాళ్లు వేరయ్యాక రబ్బరు రోలర్ల మధ్య పడతాయి. రెండు రోలర్లు ఎదురెదురుగా వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, ఆ రాపిడికి పొట్టు ఊడుతుంది, గింజ నలగదు. ఊడని వడ్లు వెనక్కి, ఊడినవి ముందుకి. తర్వాత తౌడు గీకే యంత్రం, నీటి తుంపరతో నునుపు చేసే పాలిషరు, చివర సార్టెక్స్. అందులో కెమెరా ఒక్కో గింజనూ చూస్తుంది. నల్ల మచ్చో పసుపు రంగో కనిపిస్తే సన్నని గాలి దెబ్బ తగిలి ఆ గింజ పక్క గొట్టంలోకి ఎగిరిపోతుంది. చూస్తూ నిలబడితే కాలం తెలియదు. వెనకటి హల్లర్ మిల్లులో ఊకా తౌడూ నూకా కలిసిపోయి ఒకే కుప్పగా పడేవి. ఇక్కడ ప్రతిదానికీ ఒక గొట్టం, ఒక సంచి, ఒక ధర ఉన్నాయి. యంత్రాల ముందు నిలబడే ఆపరేటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఉత్పాదకత పెరిగిందా అని ఎవరైనా అడిగితే ఈ షెడ్డు చూపించి పెరిగిందనవచ్చు. నాకు మాత్రం అసలు కథ మేనేజరు గదిలో, గోడకు మేకు కొట్టి తగిలించిన కాగితాల కట్టలో కనిపించింది. అవి సీఎంఆర్ కాగితాలు. సర్కారు మద్దతు ధరకు కొన్న వడ్లను మిల్లుకు ఇస్తుంది. మిల్లు వాటిని ఆడించి బియ్యం తిరిగి అప్పజెప్పాలి. క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. పచ్చి బియ్యంలో నూకలు నూటికి 25 దాటకూడదు. తౌడు, ఊక, మిగిలిన నూక మిల్లువే. యంత్రం ఎంత మంచిదైనా, గింజ ఎంత గట్టిదైనా సర్కారుకు ఇవ్వాల్సింది 67. అంతకు మించి ఎంత వచ్చినా అది మిల్లరు తెలివి. తక్కువొస్తే మిల్లరు నెత్తిన. కాబట్టి సీఎంఆర్ మిల్లులో బుర్రంతా ఆ 67 చుట్టూనే తిరుగుతుంది. బియ్యంతో ఇంకేమన్నా చేద్దామని ఆలోచించే పని లేదు. కొనేవాడు దొరుకుతాడా అన్న దిగులు లేదు. వడ్లు కొనడానికి పెట్టుబడి లేదు. 2014-15లో తెలంగాణలో సర్కారు కొన్న వడ్లు సుమారు 24 లక్షల టన్నులు. 2020-21లో 141 లక్షల టన్నులు. అన్ని వడ్లు ఆడించాలంటే మిల్లులు పుట్టుకు రావాల్సిందే. వచ్చాయి. తీసుకున్న వడ్లకు బియ్యం ఇవ్వకుండా ఏళ్లు గడిపిన మిల్లుల మీద పౌరసరఫరాల శాఖ కేసులు పెట్టడమూ ఆ వెనకే వచ్చింది. పెట్టుబడి లేకుండా సరుకు చేతికొస్తే కొందరు దాన్ని ఎటు తిప్పుతారో ఊహించడం కష్టం కాదు.

యాసంగి వడ్లకు ఇంకో చిక్కుంది. గింజ ముదిరేవేళ మార్చి, ఏప్రిల్ ఎండలు. పగటి సెగకూ రాత్రి చల్లదనానికీ గింజ లోపల కంటికి కనపడని పగుళ్లు పడతాయి. పచ్చిగా ఆడిస్తే ఆ పగుళ్ల దగ్గరే విరిగి నూకవుతుంది. అదే వడ్లను వేడి నీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడితే లోపలి పిండి జిగురై పగుళ్లు పూడుకుపోతాయి. అందుకే యాసంగి పంట బాయిల్డ్‌కు పోయేది. అయితే ఉప్పుడు బియ్యం తెలంగాణలో ఎవరూ తినరు, తినే రాష్ట్రాలు వేరే ఉన్నాయి. ఆ రాష్ట్రాల్లోనూ పంట పెరిగాక, ఇక బాయిల్డ్ తీసుకోబోమని కేంద్రం అంది. 2021-22 యాసంగి పంట మీద ఢిల్లీకీ హైదరాబాదుకూ నడిచిన తగాదా అందరికీ గుర్తుండే ఉంటుంది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. అంత రాజకీయానికీ మూలం గింజలోని ఆ పగులు. వరి శాస్త్రవేత్తా మిల్లు ఇంజనీరూ కూర్చుని తేల్చుకోవాల్సింది నాయకుల దాకా పోయింది.

మిర్యాలగూడకు పేరు తెచ్చింది మాత్రం సన్న బియ్యం. వాటికి 67 లెక్క లేదు. మిల్లరు సొంత డబ్బు పెట్టి పచ్చి వడ్లు కొంటాడు, ఆరబెడతాడు, నెలల తరబడి గోదాములో పాతబెడతాడు, రంగుల సంచిలో పోసి బ్రాండు కొడతాడు. 2023 జూలై 20న కేంద్రం బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి సంచుల కోసం దుకాణాల ముందు బారులు తీరిన వీడియోలు ఫోన్ ఫోన్‌కూ తిరిగాయి. ఆ నిషేధం 2024 సెప్టెంబర్ చివర్లో పోయింది. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఉగాది నాడు రేషన్ సన్నబియ్యం పథకాన్ని మొదలుపెట్టింది కూడా ఈ ఆయకట్టులోని హుజూర్‌నగర్‌లోనే. దొడ్డు బియ్యం సంగతేంటంటే, దాదాపు అదే రోజుల్లో ఫిలిప్పీన్స్‌కు ఓడ ఎక్కించింది. రేవు లేని రాష్ట్రం కాబట్టి కాకినాడ నుంచి. ఎక్కడికి పోయినా బియ్యం బియ్యంగానే పోతోంది. అటుకులు, మరమరాలు, రవ్వ, నూడుల్స్, పసిపిల్లల పిండి ఏదీ ఈ గొట్టాల కింద పెద్ద ఎత్తున తయారవుతున్నట్టు నా కంటికి కనపడలేదు. ఉన్న మేలు రెండు. బాయిలరు సొంత ఊకతోనే మండుతుంది. రెండోది తౌడు, అది ఆగదు. గింజ నుంచి విడిపోయిన గంటల్లోనే తౌడులోని ఎంజైము నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. రోజు దాటితే నూనె పులిసి పనికిరాకుండా పోతుంది. అందుకే తౌడు లారీ మాత్రం ట్రాక్టర్ల వరుసను పక్కకు తప్పించుకుని హారన్ కొట్టుకుంటూ సాల్వెంట్ ప్లాంటుకు ఉరుకుతుంది. తౌడులో నూనె నూటికి పదిహేను నుంచి ఇరవై పాళ్లు. ఏటా కోటిన్నర టన్నులకు పైగా వంటనూనె దిగుమతి చేసుకునే దేశానికి ఆ లారీ హారన్ చిన్న విషయమేమీ కాదు.

బస్తాలు మోసేది ఎవరంటే బిహారీలు. మిల్లు వెనక రేకుల గదుల్లో భోజ్‌పురి పాటలు, గోడ మీద ఛఠ్ పండుగ క్యాలెండరు. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా కూలీలు రైళ్లెక్కి ఇంటికి పోతుంటే, మే 8న బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల పైచిలుకు హమాలీలు ప్రత్యేక రైల్లో లింగంపల్లికి దిగారు, తెలంగాణ మిల్లుల కోసమే. దేశంలో ఆ రోజు ఎదురు దిశలో నడిచిన రైలు అది. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లు వలసపోయేది. ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ ఉండాల్సిందే అనేవారు. నాకు ఆ రైలూ ఆ మాటా ఒకేసారి గుర్తొచ్చాయి. మేనేజరును అడిగితే, "మనోళ్లు బస్తా మొయ్యరు సార్, మోస్తే కూలి గిట్టదు" అన్నాడు. సార్టెక్స్ ఒక్కో గింజను ఏరుతుంటే, యాభై కిలోల బస్తా ఇంకా మనిషి వీపు మీదే లారీ ఎక్కుతోంది.

మిర్యాలగూడ దాటి హాలియా మీదుగా పెద్దవూర, మల్లేపల్లి వైపు పోతుంటే నేల ఎత్తెక్కుతుంది, కాలువ అందదు. వరి పలచబడి బత్తాయి తోటలు మొదలవుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురంతో పాటు బత్తాయికి పేరున్న జిల్లా నల్లగొండ. బోర్లు ఎండిన ఏళ్లలో ఎన్నో తోటలు నరికి కట్టెలుగా అమ్ముకున్నారు. మిగిలినవి ఇవి. రోడ్డు పక్కనే లారీకి కాయ ఎక్కిస్తున్నారు. అడుగున వరిగడ్డి పరుపు, దాని మీద కాయ, మళ్లీ గడ్డి. ఢిల్లీ పోతుందట. గుర్రంపోడు రైతొకాయన కాటా పక్కనే నిలబడి కన్నార్పకుండా చూస్తున్నాడు. "టన్నుకు క్వింటా సూట్ తీస్తరు. అడిగితే దారిల కుళ్లిపోతది అంటరు. కుళ్లకపోతే ఆ క్వింటా ఎవలిదో అడుగురి మీరన్న" అన్నాడు నవ్వుతూనే. ఎండాకాలం వచ్చే కత్తెర కాయకు రేటు బాగుంటుందట. వానల్లో సీజన్ కాయ మీద పడితే అడిగే దిక్కుండదట. ఒక ఏడు టన్ను నలభై వేలు పలికితే మరో ఏడు పదిహేను వేలు.

జ్యూస్ ఫ్యాక్టరీ పెట్టరాదా అన్నది ఈ జిల్లాలో ఎన్నికల ప్రసంగమంత పాత మాట. పెట్టకపోవడానికి నాయకుల్ని తిట్టడం సులువు. కాయను అడిగితే వేరే జవాబు చెబుతుంది. పొద్దున తీసిన బత్తాయి రసం సాయంత్రానికి చేదెక్కుతుంది, ఇది ఇంట్లో అందరికీ తెలిసిందే. కాయలో ఉన్నప్పుడు చేదు లేని పదార్థమొకటి, గుజ్జు నలిగి పులుపుతో కలవగానే మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. వేడి చేస్తే ఇంకా వేగంగా మారుతుంది. ఫ్యాక్టరీలో రసం నిలవ ఉండాలంటే వేడి చెయ్యకుండా కుదరదు. చేదును పీల్చే రెజిన్ స్తంభాలున్నాయి గానీ వాటికి ఖర్చు, ఆ ఖర్చుకు సరిపడా ఏడాది పొడవునా కాయ కావాలి. మన తోట రెండు విడతల్లో కాస్తుంది, మిగతా నెలలు ఫ్యాక్టరీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ప్రపంచంలో అమ్ముడయ్యే నారింజ రసంలో సింహభాగం బ్రెజిల్‌ది. అక్కడ చెట్టు నాటేటప్పుడే ఫ్యాక్టరీని దృష్టిలో పెట్టుకుని నాటారు. రకాలు వేరు, ఒకటి అయ్యాక ఒకటి పండేలా ఎంచుకున్నవి. మన సాత్‌గుడి బత్తాయి తినడానికి నాటిన చెట్టు. పైగా తినే కాయకు ఢిల్లీ ఇచ్చే రేటు ఏ ఫ్యాక్టరీ ఇవ్వలేదు. ఫ్యాక్టరీకి మిగిలేది రాలిన కాయ, గోలీకాయ.

నిజానికి బత్తాయి రసం పరిశ్రమ ఉంది. అది నల్లగొండలో లేదు, ఢిల్లీ ఫుట్‌పాత్‌ల మీద ఉంది. చేత్తో తిప్పే మర, పక్కన ఉప్పు డబ్బా. గ్లాసు నింపగానే తాగేస్తారు కాబట్టి చేదెక్కే టైమే ఉండదు. కాయ విలువ పెరిగేది అక్కడే, ఆ గ్లాసు దగ్గర. నల్లగొండకు కావాల్సింది రసం తీసే యంత్రం కన్నా ముందు కాయను కడిగి, సైజుల వారీగా వేరు చేసి, మైనం పూత పూసి, అట్టపెట్టెల్లో చల్లగా పంపే షెడ్లని నాకనిపించింది. గడ్డి పరుపు మీద పోసిన కాయకు క్వింటా సూట్ అడిగేవాడికి, పెట్టెలో పెట్టిన కాయకు అడగడానికి నోరు రాదు. గుర్రంపోడు ఆయనతో ఈ మాటంటే, "పెట్టె పైసలు ఎవలియ్యాలె?" అన్నాడు. లారీ కదిలింది.

దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట చేరేసరికి నల్లమల కొండలు కనిపించాయి. ఈ కొండల కిందే నల్లగొండకు కృష్ణ నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలి ఎనిమిది మంది లోపలే పోయారు. బత్తాయి తోటలు ఎదురుచూస్తున్న నీళ్లలో కొన్ని ఆ సొరంగం అవతలే ఉన్నాయి.

అచ్చంపేట పల్లి ఊరు. తెలంగాణలో వేరుశనగ అంటే పాత మహబూబ్‌నగరే, అందులోనూ నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపులు. ఎక్కువగా యాసంగిలోనే వేస్తారు. ఫిబ్రవరి, మార్చిల్లో పొడి ఎండలో పీకుతారు. పల్లికి అసలు శత్రువు అఫ్లాటాక్సిన్, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వదిలే విషం. వానల్లో పండి చివర్లో బెట్టకొచ్చిన కాయకు అది ఎక్కువ పడుతుంది. నీళ్లు పెట్టి పండించి, ఎండలో ఆరిన పాలమూరు పల్లికి తక్కువ. అందుకే ఈ కాయ కోసం తమిళనాడు నుంచి, మహారాష్ట్ర నుంచి వ్యాపారులు వస్తారు. ఐరోపాలో తినే పల్లికి పరిమితి వంద కోట్ల పాళ్లలో నాలుగే పాళ్లు. ఆ పరిమితి అందుకోవడానికి కావాల్సిన నేల, ఎండ, కాలం మూడూ ఇక్కడున్నాయి.

తేడా కొట్టేది పల్లి మిషన్ దగ్గర. పొట్టు ఒలిచే ముందు ఒకతను బకెట్‌తో కాయ కుప్ప మీద నీళ్లు చల్లుతున్నాడు. ఎందుకంటే "పొడిగ ఉంటె పప్పు రెండు చెక్కలైతది సార్, చెక్కకు రేటు రాదు" అన్నాడు. ఎండలో అన్ని వారాలు పడి సంపాదించిన పొడితనం ఒక్క బకెట్‌తో పోతుంది. తడిసిన పప్పును గన్నీ సంచిలో కట్టి గోదాములో పేరిస్తే బూజుకు అంతకంటే మంచి ఇల్లు ఉండదు. తడపకుండా ఒలిచే యంత్రాలున్నాయి. కాయను సైజుల వారీగా వేరు చేసి, ఆ సైజుకు తగ్గట్టు సందు పెడితే పప్పు చీలదు. యంత్రం ఖరీదు పల్లి మిషన్ వాడికి మించినది కాదని నా అంచనా. పొడిగా ఒలిచిన పప్పుకు రూపాయి ఎక్కువ ఇచ్చేవాడు అచ్చంపేటలో లేడు, అదీ సంగతి. ఆ రూపాయి దూరంగా పరీక్షల ల్యాబు ఉన్న చోట పుడుతుంది. ఇక్కడ కంటికి కనిపించే చెక్కకే రేటు. కనపడని బూజుకు రేటు లేదు.

కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఊళ్లలో పల్లి తగ్గి వరి పెరుగుతోంది. ఎందుకని ఒక ఆడమనిషిని అడిగాను, పొలం గట్టున గేదెను మేపుతోంది. "అడివి పందులు రాత్రికి రాత్రి ఎకరం తోడిపోతయ్ బిడ్డా. పీకనీకె కూలోళ్లు దొరకరు. వరికైతే మిషనొచ్చి గంటల కోసిపోతది, సర్కారోళ్లు కొంటరు." ఇంత సూటి జవాబు ఏ నివేదికలోనూ నేను చదవలేదు. పంటను నిర్ణయించేది నేల కాదు, కొనేవాడు. ఫ్యాక్టరీని నిర్ణయించేదీ వాడే. వడ్లకు కొనేవాడు ఖాయం కాబట్టి వందల మిల్లులు లేచాయి. పల్లికి మద్దతు ధర కాగితం మీద ఉంది, 2025-26కి క్వింటాకు 7,263. వడ్లకున్నట్టు ఊరూరా కాటా మాత్రం లేదు.

నాగర్‌కర్నూల్, వనపర్తి దాటి పెబ్బేరు దగ్గర హైదరాబాద్–బెంగళూరు హైవే ఎక్కితే కాసేపటికి కృష్ణ వంతెన, బీచుపల్లి. ఆంజనేయస్వామి గుడి దగ్గర ఎప్పుడూ జనమే. ఆ పక్కన సహకార రంగంలో ఆయిల్‌ఫెడ్ నడిపిన పల్లి నూనె మిల్లు ఉంది. మూతబడి చాలా ఏళ్లయింది. రైతు దగ్గర కాయ కొని నూనె తీసి మళ్లీ రైతుకే లాభం పంచాలన్న ఆలోచనతో పెట్టిన మిల్లు. ఆ ఆలోచనలో తప్పు లేదు. 1994లో పామోలిన్ దిగుమతికి దేశం తలుపులు బార్లా తెరిచింది. రేషన్ షాపులో, మిర్చి బజ్జీ బండి దగ్గర, పెళ్లి వంటలో పల్లి నూనె ఒక్కొక్క మెట్టే దిగింది. మిగతా కారణాలు యాజమాన్యానివీ రాజకీయానివీ ఉండే ఉంటాయి, అవి ఏ సహకార మిల్లుకు లేవు?

ఇప్పుడు అదే బీచుపల్లిలో పామాయిల్ మిల్లు అన్న మాట నడుస్తోంది. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించాక తెలంగాణలో జిల్లా జిల్లాకూ మొక్కలు పంచుతున్నారు. పల్లి నూనెను పడగొట్టిన నూనె చెట్టుగా మారి పల్లి నేలకే వస్తోందని నవ్వుకోవచ్చు. నవ్వాక ఒకటి గమనించాలి. పామ్ గెల కోసిన రోజులోపు మిల్లుకు చేరకపోతే తౌడులాగే పులిసిపోతుంది. మిల్లు దగ్గర్లో లేకుండా చెట్టు నాటితే రైతు మునిగినట్టే. అందుకే 1993లోనే ఉమ్మడి రాష్ట్రం ఆయిల్ పామ్‌కు చట్టం చేసింది. ఏ మండలం గెల ఏ ఫ్యాక్టరీది, ధర ఏ లెక్కన కట్టాలి అన్నది ముందే రాసిపెట్టింది. మన దగ్గర చెట్టు కంటే ముందు ఫ్యాక్టరీ గురించి ఆలోచించిన పంట బహుశా ఇదొక్కటే. పరాయి దేశపు చెట్టుకు చూపిన ఆ శ్రద్ధ బత్తాయికో పల్లికో చూపితే ఎలా ఉండేదన్న ప్రశ్న వంతెన దాటేదాకా వదల్లేదు.

గద్వాలలో బస్టాండు వెనక సందులో గానుగ నూనె బోర్డు చూసి ఆగాను. కరెంటు మోటారుతో తిరిగే కట్టె గానుగ, గోడకు ఆనించి పల్లి సంచులు, స్టీలు డ్రమ్ముల్లో తేరుకుంటున్న నూనె. అడుగున మడ్డి దిగాక పైది వడకడతారు. నడిపేది ముప్పై ఏళ్ల కుర్రాడు. హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో చేసి తిరిగొచ్చాడు. లెక్క కాగితం అక్కర్లేకుండా చెప్పేశాడు. రెండున్నర కిలోల పప్పుకు కిలో నూనె. పప్పు కిలో నూట ఇరవై అనుకున్నా మూడు వందలు పప్పుకే. కరెంటు, కూలి, సీసా పైన. పక్క కిరాణాలో పామాయిల్ పాకెట్ అందులో సగం కూడా లేదు. గానుగ తిరుగుతున్నది చెక్క మీద. కిలోన్నర దాకా మిగిలే పల్లి చెక్కను బర్రెల వాళ్లు ముందే డబ్బిచ్చి రాయించుకుంటారు. "నూనెకు గిరాకీ నేను ఎతుక్కోవాలె సార్. చెక్కకు గిరాకీ నన్ను ఎతుక్కుంట వస్తది."

కేంద్రం చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో పెట్టిన పథకంలో ఖర్చులో 35 శాతం, పది లక్షల దాకా సబ్సిడీ ఉంది. దాని గురించి అడిగాను. గానుగకు వస్తుందట, పల్లీలకు రాదట. ఆ కుర్రాడి కష్టమంతా పల్లీల దగ్గరే ఉంది. మార్చిలో కాయ చవగ్గా ఉన్నప్పుడు ఏడాదికి సరిపడా కొని దాచుకోవాలి. అంత డబ్బు ఒక్కసారి చేతిలో ఉండదు. నెల నెలా కొంటే దీపావళి నాటికి రేటు పైకెక్కి కూర్చుంటుంది. బ్యాంకుకు పోతే భూమి కాగితాలు అడిగారు. మిర్యాలగూడ మీదుగా వచ్చానని చెప్పినప్పటి నుంచి ఆయన ఆ మిల్లుల గురించే గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు, గంటకెన్ని టన్నులు, ఎంతమంది పనివాళ్లు, సీఎంఆర్ అంటే ఏంటి అని. 67 లెక్క చెప్పాను. గానుగ ఆపి, చెక్క తీసి తట్టలో వేస్తూ అన్నాడు:

"అంటే వడ్లు సర్కారే దెచ్చి పోస్తది, బియ్యం సర్కారే తీస్కపోతది. మరి నాకు ఒక్క లారీ పల్లీలు పొయ్యమనురి సార్, ఏడాది లోపల నూనె రూపంల తిరిగిస్త. క్వింటాకు ఎంతనో వాళ్లే రాసుకోనీ."